అడగకుండా రాసిన ఒక్క వాక్యం

నేనెప్పుడో రాసిన కథనాన్ని ఆమె లామినేషన్ చేయించి దాచుకుందని ఆ రోజు దాకా నాకు తెలియదు. పామర్రులో బస్సెక్కి పక్క సీట్లో కూర్చోగానే సంచీలోంచి తీసి నా చేతిలో పెట్టింది.

"ఇదుంటే చాలు కదా అన్నయ్యగారూ? పాట నాదేనని లాయరుగారు ఒప్పుకుంటారు."

నేను తల ఊపాను. దాన్ని చదవడం మొదలుపెట్టాను.

ఆమె పామర్రు దగ్గర నేతపనివాళ్ళ వీధిలో ఉంటుంది. పదేళ్ళు దాటింది, ఆదివారం పేజీ కోసం మగ్గాల గురించి రాయడానికి అక్కడికి వెళ్ళాను. గుంటమగ్గంలో కూర్చుని నేస్తూ ఆమె ఒక పాట పాడింది. 'పోగు తెగితే ముడివేస్తాను, మాట తెగితే ఏం చేస్తాను' అని పల్లవి. పక్కనే కండెలు చుడుతున్న అత్తగారు, "మా పెద్దలు పాడుకునేవాళ్ళు బాబూ" అంది. అదే రాసుకున్నాను. ఆమె ఫొటో వచ్చింది, పాట వచ్చింది, కింద చిన్నక్షరాల్లో నా వాక్యమూ వచ్చింది: 'ఎవరు కట్టారో తెలియని ఈ పాట తరతరాలుగా ఈ వీధిలో వినిపిస్తోంది.' ఆమెకు చదువు రాదు. ఇంట్లో మిగతావాళ్ళు ఫొటో దాటి కిందికి చూసినట్టు లేరు.

మొన్నామధ్య కోడలు ఆమె పాడుతుండగా ఫోన్‌లో తీసి నెట్‌లో పెట్టింది. ఆ తర్వాత కొన్నాళ్ళకు ఒక పాటల కంపెనీ అదే పల్లవితో, అదే వరసలో సినిమా పాట విడుదల చేసింది. వారం తిరక్కుండా వీళ్ళ వీడియో తీసేశారు. మా పాట వాడుకున్నారు, మళ్ళీ పెడితే కేసు వేస్తాం అని నోటీసు. కోడలు అది చదివి వినిపించిన దగ్గర్నుంచీ ఆమె మగ్గం దగ్గర నోరు విప్పడం మానేసింది. వాళ్ళకు తెలిసిన పేపరు మనిషిని నేనొక్కణ్ణే కాబట్టి నాకు ఫోన్ చేసింది.

"నాలో నేను పాడుకున్నా తప్పేనా అండీ? పోలీసులొస్తారా?"

రారమ్మా అన్నాను. కోర్టు వార్తలు రాసే రోజుల్లో పరిచయమైన లాయరుగారి దగ్గరికి తీసుకెళతానన్నాను. నా వాక్యం అప్పటికి గుర్తు లేదు. బస్సులో చదివాను.

ఉయ్యూరు దాటాం. పాట ఎవరిదో తెలియదంటే ఎవరైనా వాడుకోవచ్చు. ఆ మాట అవతలివాళ్ళు అనక్కర్లేదు, నేనే అచ్చువేసి పెట్టాను. దీన్ని సీట్లో మరిచిపోయినట్టు దిగిపోతే? ఆ ఆలోచన వచ్చిన మాట నిజం. కానీ పేపరాఫీసులో పాత సంచికలు ఎంత భద్రంగా ఉంటాయో నాకంటే తెలిసినవాళ్ళెవరు? కంకిపాడు వచ్చేలోపు చెప్పేద్దామని రెండుసార్లు ఆమె వైపు తిరిగాను. ఆమె కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టుకుంటోంది.

గవర్నర్‌పేటలో లాయరుగారు కళ్ళద్దాలు పెట్టుకుని మొత్తం పైకి చదివారు. చివరి వాక్యం కూడా.

"ఏమండీ, ఈ కాగితం మన తరఫున తెచ్చారా, వాళ్ళ తరఫునా?"

ఆమె నా వైపు చూసింది. కోపం లేదు. తెల్లబోయింది.

"రాసింది నేనే చెల్లెమ్మా. తప్పు రాశాను."

"మా అత్తగారు అలా చెప్పింది కదండీ," అంది. "మా వీధిలో ఆడది పాట నేను కట్టానని చెప్పుకోదు. పని మానేసి పాటలు కడుతోందంటారు. పెద్దలు పాడేవాళ్ళంటాం. మా తోడికోడలు నాతో మాట మానేసిన ఏడు కట్టాను దాన్ని."

"కట్టిన రోజు నుంచే పాట మీదమ్మా," అన్నారు లాయరుగారు. "రిజిస్ట్రేషన్ లేకపోయినా హక్కు పోదు. కట్టింది మీరేనని చూపించాలి. వీధిలో ఎవరైనా చెబుతారా?"

"తోడికోడలికి తెలుసండీ. ఆవిడ నాతో మాట్లాడదు."

నేను రాసింది తప్పని సంతకం పెట్టి ఇస్తానన్నాను.

"అప్పుడు రాసింది అబద్ధమా, ఇప్పుడు చెప్పేది అబద్ధమా అని కోర్టులో నిలబెట్టి అడుగుతారు. ఏమంటారు?"

ఇన్నేళ్ళు నేను ఇతరుల్ని అడిగిన తరహా ప్రశ్నే అది.

"అత్తగారు చెప్పింది రాసుకున్నానంటాను. పాడిన మనిషిని అడగలేదంటాను."

ఆయన కాగితం నా వైపు జరిపారు. రాయడం మొదలుపెట్టాను. ఆమె కొంగు వేలికి చుట్టుకుంటూ చూస్తోంది.

"పోనీ, ఇప్పుడు అడగండి అన్నయ్యగారూ."

కలం ఆపాను. "ఈ పాట ఎవరు కట్టారమ్మా?"

బయట అత్తగారు వింటున్నట్టు తలుపు వైపు చూసింది. "నేనేనండీ" అంది. మగ్గం చప్పుడు మీద కూడా వినిపించిన ఆ గొంతు ఆ చిన్న గదిలో సరిగా వినపడలేదు.

"కోర్టులో ఇంకాస్త గట్టిగా చెప్పాలమ్మా," అన్నారు లాయరుగారు.