అమ్మ తెల్లచీరకి డొక్క రంగు

నాకు కోపం ఎక్కువ. ఆ సంగతి ముందే చెప్పేస్తే మంచిది. ముప్ఫయ్యేళ్ళు బళ్ళో పాఠాలు చెప్పి రిటైరయ్యేక కాస్త తగ్గుతుందని మా ఆయన ఆశపడ్డారు, పాపం. తగ్గలేదు సరికదా, అప్పట్లో పిల్లల మీద పడేదంతా ఇప్పుడు ఆయన మీద పడుతోంది. ఖాళీగా కూచోలేక పెడన వెళ్ళి, అద్దకం చేసే ఒక పెద్దావిడ దగ్గర నెలల తరబడి ఉండి చెట్టు రంగులు వెయ్యడం నేర్చుకున్నాను. అల్లవరం దగ్గర మా ఇంటి వెనకాల రేకుల షెడ్డు, అందులో రెండు పెద్ద డేగిసాలు, నాలుగు నీళ్ళ డ్రమ్ములు, కరక్కాయ పొడి, పటిక. ఇదీ నా సామ్రాజ్యం.

మా వైపు ఎటు చూసినా కొబ్బరే. కాయలు ఒలిచేక పీచు డొక్కలు గుట్టలుగా పడుంటాయి. వాటిని, అందులోనూ బొండాల పచ్చి డొక్కల్ని, నానబెట్టి ఉడకబెట్టి ఆ నీళ్ళలో గుడ్డ ముంచితే గులాబీలో గోధుమ కలిసిన ఒక లేత రంగు వస్తుంది. రావులపాలెం నుంచి కూడా ఆడవాళ్ళు కార్లేసుకుని వచ్చి, "టీచరుగారండీ, ఆ డొక్క రంగు చీర ఒకటి కావాలండీ" అని అడుగుతారు. అలా అడిగినప్పుడు నాకు ఎంత గొప్పగా ఉంటుందో దాచుకోను.

అమ్మ మా ఇంట్లోనే ఉంటుంది. ఎనభై దాటేయి. పెళ్ళికి ముందు కొబ్బరికాయల ఒలుపు కూలికి వెళ్ళేది. ఆ కూలి దాచుకుని పెళ్ళికి తెల్లచీర తనే కొనుక్కుంది. మా చర్చిలో పెళ్ళికూతుళ్ళు తెల్లచీరే కడతారు. అమ్మ ఆ ఒక్కరోజు కట్టి, ట్రంకుపెట్టెలో పెట్టేసింది. "నన్ను సమాధి చేసేటప్పుడు ఇది కట్టండి" అనేది. ఏడాదికోసారి తీసి, గాలికి ఆరేసి, మడతలు మార్చి మళ్ళీ పెట్టేది. అరవై ఏళ్ళ పైమాటే. ఆ సమాధి మాట వినపడితే నాకు ఒళ్ళు మండిపోయేది.

అలాంటిది, మే నెలలో మా తమ్ముడి కూతురి పెళ్ళని కబురొచ్చిన రోజున, ఆ చీర తెచ్చి నా ఒళ్ళో పడేసింది.

"దీనికి నీ డొక్క రంగు వెయ్యవే. పెళ్ళికి కట్టుకుంటాను."

"అదేంటమ్మా! దాచుకున్నావు కదా?"

"చచ్చేక కడితే నేను చూసేనా పెట్టేనా? బతికుండగానే కట్టుకుంటాను. తెల్లగా కట్టుకెళ్తే పెళ్ళికూతురెవరో తెలీక పాస్టరుగారు తికమకపడతారు" అని తన మాటకి తనే పడీ పడీ నవ్వింది.

నాకు మాత్రం ఏడుపొచ్చింది. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి అమ్మ నన్ను ఇది కావాలని ఏదీ అడగలేదు. ఇదే మొదలు.

మా దగ్గర ఎండాకాలం కాలవలకి నీళ్ళు కట్టేస్తారు. నా రంగులకి కాలవ నీళ్ళే ప్రాణం. మా బోరు నీళ్ళలో ఇనుము ఉంది, పొద్దున్న బకెట్టుతో పట్టి ఉంచితే సాయంత్రానికి అడుగున తుప్పు పేరుకుంటుంది. డొక్క రంగుకి ఇనుము తగిలిందంటే గుడ్డ నల్లబడిపోతుంది. నేర్చుకోడానికి వచ్చేవాళ్ళకి మొదటిరోజు నేను చెప్పేది అదే. చెప్పడమేంటి, అరుస్తాను. మా ఆయన ఒకసారి పొరపాటున నా డ్రమ్ములో బోరు పైపు పెట్టేరని వారం రోజులు ఆయనతో మాటాడలేదు.

కాలవ కట్టెయ్యకముందే నాలుగు డ్రమ్ములూ నింపుకున్నాను. చీరని ఉడకబెట్టి, కరక్కాయ నీళ్ళలో నానబెట్టి, ఆరేసి, పటిక పట్టించి, మూడుసార్లు డొక్క నీళ్ళలో ముంచేను. పాతనూలు కదా, చంటిపిల్లకి స్నానం చేయించినట్టు చేసేను. ముంచిన ప్రతిసారీ జాడించాలి. మూడోసారి తీసేసరికి, అబ్బ, ఏం రంగండీ! షెడ్డులో నాకు నేనే చప్పట్లు కొట్టుకున్నాను. అమ్మని పిలుద్దామనుకుని, ఆఖరిసారి జాడించేక పిలుద్దాంలే అని ఆగేను. తీరా చూస్తే డ్రమ్ముల అడుగున చెంబుడు నీళ్ళు లేవు.

జాడించకుండా వదిలేస్తే చారలు కట్టేస్తుంది. ఎండ చూస్తే నిప్పులు చెరుగుతోంది. చెయ్యి తిరిగినదాన్ని కదా, ఒక్క జాడింపుకి ఏమైపోతుందిలే అనుకున్నాను. బోరు కుళాయి కింద టబ్బు పెట్టేను. ఊళ్ళోవాళ్ళందరికీ వద్దని చెప్పిన పని, నా చేతులతో నేనే చేసేను.

చీర టబ్బులో పడిందో లేదో, నా కళ్ళ ముందే, ఆ మూలా ఈ మూలా బూడిద రంగు పాకడం మొదలెట్టింది. పైకి తీసేలోపే చీరంతా వర్షాకాలం గోడలా అయిపోయింది. అప్పుడే మా ఆయన టీ సంగతి అడగడానికి షెడ్డులోకి వచ్చేరు. "కాస్సేపు టీ లేకపోతే ప్రాణం పోతుందా?" అని ఆయన మీద నోరు పారేసుకున్నాను. ఆయన టబ్బు వైపు చూసేరు, కుళాయి వైపు చూసేరు, కుళాయి కట్టేసి వెళ్ళిపోయేరు. ఆ కట్టెయ్యడమే నాకు ఇంకా మంటెక్కించింది.

మర్నాడు అమలాపురం వెళ్ళేను. ఎందుకో చెప్పడానికి సిగ్గుగానే ఉంది. అలాంటి తెల్లచీర ఒకటి కొని, రంగేసి, ఇదే నీ చీర అని అమ్మకిచ్చేద్దామని. కొట్టతను చీర మీద చీర పరుస్తున్నాడు. ఒకదాని అంచు పట్టుకుని చూస్తుంటే నా చెయ్యి ఆగిపోయింది. అరవై ఏళ్ళుగా ఏటా మడతలు మార్చిన మనిషికి చేత్తో తడిమితే తెలీదా? తెలియకపోయినా, ఇంక ఆవిడ మొహం నేనెలా చూడను? "మళ్ళీ వస్తానండి" అని బయటపడ్డాను.

ఇంటికొచ్చి చీర అమ్మ ఒళ్ళో పెట్టి, "తగలేసేనమ్మా" అన్నాను. 

అమ్మ మడత విప్పి చూసింది. "ఇది నా చీరేనా?" అంది. అంత మెల్లగా అడిగే బదులు అరిచినా బాగుండును.  తర్వాత చెంగు మొహానికి దగ్గరగా పెట్టుకుని, "బోరు నీళ్ళు తగిలేయా?" అంది.

"నీకెలా తెలుసు?"

"నువ్వరిచే అరుపులకి వీధిలో అందరికీ వచ్చేసింది ఈ విద్య. అయినా ఈ నలుపు నాకు కొత్తేంటి? ఒలుపుకెళ్ళినన్నాళ్ళూ నా చేతులు ఇదే రంగు. డొక్క రసమూ, కాయలొలిచే గునపం ఇనుమూ కలిసి పట్టేసేవి. ఆదివారం చర్చిలో చేతులు బయటపెట్టాలంటే సిగ్గేసి, శనివారం కూచుని నిమ్మచెక్కలతో రుద్దుకునేవాళ్ళం. పెళ్ళికి ముందురోజు, ఈ చీరకి నా చేతుల మరకెక్కడ అంటుతుందో అని ఎంత రుద్దుకున్నానో నాకే తెలుసు."

ఇన్నేళ్ళలో ఆ మాట నాకెప్పుడూ చెప్పలేదు. "మరి అదే డొక్క రంగు కావాలని ఎందుకడిగేవమ్మా?" అన్నాను.

"మా చేతులకి అంటితే మురికి అన్నారు. నువ్వు వేస్తే కార్లేసుకొచ్చి కొనుక్కుంటున్నారు. నేనూ ఒకసారి కట్టుకుని చూద్దామనిపించింది. వెళ్ళి నిమ్మకాయలు తే."

"అమ్మా, పాతనూలు, పులుపు తగిలితే చివికిపోతుంది, అలా చెయ్యకూడదు..."

"నువ్వు చదువుకున్నావు, నేను ఒలిచేను. వెళ్ళి తే."

అరుగు మీద ఎదురుబొదురుగా కూచున్నాం. ముందు లోపలి అంచు మీద ఒక్క చుక్క వేసి చూసేం. నలుపు విరిగింది! నేను చిన్నపిల్లలా కేక పెట్టేను. ఇంక మధ్యాహ్నమంతా జానెడు జానెడు చొప్పున నిమ్మరసం అద్దడం, వెంటనే మంచినీళ్ళతో కడగడం. నీళ్ళెక్కడివంటారా? మా ఆయన స్కూటరు మీద వాటర్ ప్లాంటు నుంచి టిన్నులు తెచ్చి పోసేరు. తాగే నీళ్ళలో చీర జాడిస్తున్నందుకు దారినపోయేవాళ్ళు నవ్వేరు. ఆ బుద్ధేదో నాకు ముందే ఉంటే ఈ అవస్థే ఉండేది కాదు. అమ్మకి నడుం పట్టేసింది. పడుకోమంటే వినదు. నాలుగుసార్లు పోట్లాడుకున్నాం.

చివరికి వచ్చిన రంగు నేను వేసిన గులాబీ కాదు. నిమ్మరసం నలుపుతో పాటు దాన్నీ కొంత లాగేసింది. పాలు పోసిన రాగిజావలా ఉంది. చెంగు మీద ఒకచోట అరచెయ్యంత బూడిద మచ్చ ఎంత రుద్దినా పోలేదు. మచ్చ లోపలికి పోయేలా కట్టమని వందసార్లు చెప్పేను. పెళ్ళిరోజున సరిగ్గా అదే పైకి కనపడేలా భుజం మీంచి వేసుకుంది మహాతల్లి. చర్చి బయట ఎవరో, "భలే ఉందండి చీర, ఎక్కడ కొన్నారండీ?" అనడిగేరు.

"కొనలేదండి. మా అమ్మాయి వేసింది రంగు" అంది. "ఈ మచ్చ కూడా తనే వేసిందండి."

నేను సిగ్గుతో చచ్చిపోయేను. అమ్మ మాత్రం వచ్చినవాళ్ళందరికీ అదే చెప్పింది.

పెళ్ళయిన వారానికి నేను షెడ్డు కడుక్కుని ఇంట్లోకి వచ్చేసరికి, అమ్మ పెద్ద బేసిను ముందు కూచుని మోచేతుల దాకా ఆవకాయ కలుపుతోంది. ఒంటి మీద అదే చీర. చెంగు అప్పుడే కారం నూనెలో మునిగి ఎర్రగా ఉంది. నాకు పైప్రాణాలు పైనే పోయేయి.

"నీకేమైనా మతిపోయిందా అమ్మా? పెళ్ళిచీర కట్టుకుని ఆవకాయ కలుపుతావా! మనిద్దరం ఎంత చస్తే మిగిలింది అది!"

అమ్మ తలెత్తకుండా ముక్కలు కలుపుతూనే ఉంది.

"మరకైతే అయింది. మళ్ళీ రంగేస్తావులే. నువ్వున్నావు కదే" అంది.

ఆ చీరని అంత తగలేసినదాన్ని నేనే. అది తెలిసే అంది ఆ మాట.