చెట్టు మీద మనిషిని పిలవకూడదు

మా నాన్న కొబ్బరికాయలు దింపే మనిషి. చిన్నప్పటి నుంచి మా ఇంట్లో ఒకటే నియమం. నాన్న చెట్టు మీద ఉన్నప్పుడు కింద నుంచి ఎవరూ పిలవకూడదు. కొంపలు మునిగిపోతున్నా సరే, దిగేదాకా ఆగాల్సిందే. పిలిస్తే కిందికి చూస్తాడు, చూస్తే కళ్లు తిరుగుతాయి. మా రాజోలు వైపు దింపు పని చేసే ఇళ్లలో చంటిపిల్లలకు కూడా ఈ సంగతి తెలుసు.

నేను ఇంటర్‌కు వచ్చేసరికి నాన్న చెట్లెక్కడం మానేశాడు. ఒకసారి కాలు జారి, సగం చెట్టు మీంచి తోట పక్క బోదె కాలవలో పడ్డాడు. నీళ్లూ బురదా ఉండబట్టి బతికాడు. అప్పటి నుంచి కింద కూర్చుని కాయలు ఒలిచే పనికే వెళ్లేవాడు. కాళ్లకు వేసుకునే తాడును అమ్మ అటక మీదికి విసిరేసింది.

ఇంటర్ అయిపోయిన వేసవిలో నాకు రెండు సీట్లు వచ్చాయి. ఒకటి రాజమండ్రి కాలేజీలో. స్కాలర్‌షిప్ మీద చదువు, హాస్టలు, భోజనం అన్నీ వాళ్లవే. రెండోది ఢిల్లీలో పెద్ద యూనివర్సిటీ. పేరు చెబితే మా వీధంతా నోరు తెరిచింది. ఖర్చు మాత్రం మాదే. శనివారం సాయంత్రంలోగా ఏదో ఒకటి చెప్పెయ్యాలి. నాకు ఢిల్లీ కావాలి. ఆ మాట పైకి అనలేదు గానీ, మొహం దాచుకోవడం నాకు ఏనాడూ చేతకాదు.

శనివారం పొద్దున్నే నాన్న అటక మీంచి తాడు తీశాడు.

"ఢిల్లీయే అని చెప్పెయ్యమ్మా. మళ్లీ దింపుకెళ్తే సరిపోద్ది" అన్నాడు.

అమ్మ పొయ్యిలోకి పుల్ల విసిరికొట్టి, మా వైపు వీపు తిప్పి కూర్చుంది. 

నాన్న వెనకే తోటకు వెళ్లాను. తోట రైతుగారు నన్ను చూసి, "మీ నాన్న చెట్లెక్కడం మానేసేడనుకున్నానే" అన్నారు.

"ఆయ్, మళ్లీ మొదలెట్టేరండి" అన్నాను.

చిన్న చెట్లు బాగానే ఎక్కాడు. గట్టు చివరి చెట్టు మాత్రం బాగా పొడుగు. దాని పైదాకా వెళ్లాడు. మట్టల మధ్య చెయ్యి కనిపించింది. ఆ తర్వాత కాయ పడలేదు, కత్తి చప్పుడు లేదు. మనిషి కదలడం లేదు. రైతుగారు కూడా తలెత్తి చూసి మాట మింగేశారు. నియమం ఆయనకూ తెలుసు.

నేను ఢిల్లీలో దర్జాగా క్లాసులో కూర్చున్నన్నాళ్లూ నాన్న ఇలా పైన ఉంటాడు. ఇంటి నుంచి ఫోన్ మోగిన ప్రతిసారీ నేను ఇలాగే చచ్చి బతకాలి. ఇప్పుడు పిలిస్తే పడతాడేమో. పిలవకపోయినా పడతాడేమో.

పిలిచేశాను.

"నాన్నా! దిగిపో నాన్నా! నేను ఢిల్లీ వెళ్లను. రాజమండ్రికే వెళ్తాను, ఒట్టు!"

అరుస్తుంటేనే ఢిల్లీ పోయిందని ఏడుపొచ్చింది. అబద్ధం ఎందుకు చెప్పాలి! రైతుగారు అదిరిపడ్డారు. పైన మట్టలు కదిలాయి. నాన్న కిందికి చూశాడు. పడితే నేనేదో పట్టుకోగలిగినట్టు రెండు చేతులూ చాచి నిలబడ్డాను. తాడు కొంచెం జరిగింది. ఆగింది. మళ్లీ జరిగింది. చెట్టును కావలించుకుని, ఛాతీ గీసుకుపోతున్నా వదలకుండా దిగాడు.

తిడతాడనుకున్నాను. చెయ్యి చేసుకుంటాడేమోనని వెనక్కి కూడా జరిగాను. నాన్న తాడైనా విప్పకుండా కాయలు ఒలిచిన డొక్కల కుప్ప మీద కూలబడ్డాడు. చేతులు వణుకుతున్నాయి, ఎంత అదిమి పెట్టుకున్నా ఆగట్లేదు. రైతుగారు బొండం కొట్టి చేతికిచ్చి, చూడనట్టు అటు తిరిగారు.

నాన్న సగం తాగి, నా వైపు చూడకుండా అన్నాడు.

"ఇందాకే పిలవొచ్చు కదమ్మా."