కుక్క తల ఎవరిది

సైకిళ్ళు బాగుచేసే అకోల్గో చెయ్యి పడితే ముక్కలైన మోటార్ సైకిల్ కూడా తనంతట తానే ఇంటికి పోతుంది. అబద్ధమనుకునేవాళ్ళు మా సరిహద్దు సంతకు వచ్చి చూసుకోవచ్చు. నేను ఐదో తరగతితో చదువు చాలించాను, అంతకుమించి చెప్పడానికి మాస్టార్ల దగ్గర ఏమీ మిగల్లేదు.

ఆ ఎండాకాలం ఇద్దరు కొత్తవాళ్ళు అతని చేత తమ బళ్ళ లైట్లు పీకించారు. మేం పీటో అనే జొన్నకల్లు ఇస్తామన్నా తాగలేదు. ఎండిన వాగు దారి బడి వరకూ పోతుందా అని అడిగారు. ఆ బడిలోనే అకోల్గో కూతురు చదువుతోంది.

అనుమానం వస్తే చెప్పండి, పేరు బయటికి రానివ్వం అని పోలీసులు గోడల మీద రాయించారు. అంతకుముందు ఏడు ఉల్లిపాయలమ్మే అవూని అది నమ్మి పోలీసులకు చెప్పాడు. మరుసటి సంతకల్లా అతని పేరు సరిహద్దు అవతల బడులు తగలబెట్టే ముఠాల దాకా పోయింది. అతని ఇల్లు బూడిదైంది. ఆపైన ఎవరి ఫోను మోగినా అందరూ వాడి మొహమే చూసేవారు.

అకోల్గో ఫ్రాఫ్రావాడు. సరిహద్దు గేటు దగ్గరి కొత్త ఆఫీసరు తెంగన్ దగాబావాడు. ఈ రెండు జాతులకూ తాతలనాటి వేళాకోళపు చుట్టరికం. కుక్కను కోస్తే తల ఎవరిదని తగువాడుకుంటారు, ఎంత తిట్టుకున్నా కోపం రాకూడదు. అకోల్గో గేటు దగ్గరికి పోయి సంతంతా వినేలా అరిచాడు.

"ఒరే తెంగన్, నా బానిసా! ఇక్కడ కునుకుతున్నావేంట్రా? నా కుక్క తల లైట్లు లేని రెండు బళ్ళెక్కి, వాగు దారిన బడికి పోతోంది. దమ్ముంటే పట్టుకో."

"తల మాది, తోక నీది. పోరా," అన్నాడు తెంగన్.

సంత పగలబడి నవ్వింది. తెల్లారేసరికి ఆ కొత్తవాళ్ళిద్దరూ వాగులో పోలీసులకు దొరికారు.

అంతటితో ఆగుంటే బాగుండేది. తెంగన్ పెరిగింది ఎక్కడో దూరాన కుమాసి పట్నంలో. తిట్టడం అమ్మ నేర్పింది గానీ, ఈ చుట్టరికంలో కృతజ్ఞత చెప్పకూడదని నేర్పలేదు. సంత నడుమ టోపీ తీసి, "అకోల్గో గారూ, మీ మేలు మరిచిపోలేం," అన్నాడు.

అందరూ అకోల్గో మొహమే చూశారు.

"నీ మేలెవడిక్కావాల్రా? తల ఇచ్చి పో," అన్నాడు అకోల్గో. సరిహద్దు అవతలి మేకలు కూడా బెదిరేలా నవ్వాను. నాతో ఎవరూ గొంతు కలపలేదు.

తర్వాతి సంతకు ఇంకో కొత్తవాడు బండి తెచ్చి లైటు చూడమన్నాడు. బాగానే ఉంది కదా అన్నాడు అకోల్గో.

"తెలుసు. నిన్ను చూద్దామని," అన్నాడు వాడు.

అకోల్గో కూతుర్ని ఆ సాయంత్రమే మేనత్త ఊరికి పంపేశాడు. ఇప్పుడు రోడ్డుకు ఎదురుగా కూర్చుని పంక్చర్లు వేస్తున్నాడు. అతని వీపు వైపు నేను కూర్చుంటున్నాను.