కారం పట్టించిన చేప

రాజమండ్రి నుంచి ద్రాక్షారం వెళ్లే బస్సులో నా పక్కన కూర్చున్నాయన ఒళ్లో స్టీలు క్యారేజీ నిండా పులస ముక్కలున్నాయని ఇన్నాళ్లూ అందరికీ చెబుతూ వచ్చాను. పులస కాదు, మామూలు చెరువు చేప, శీలావతి. పులస అంటేనే మా వైపు జనం చెవులు రిక్కిస్తారు, అందుకని.

కడియం దగ్గర మొక్కల లారీలు అడ్డంపడి బస్సు ఆగిపోయింది. ఆయన మూత తీసి వాసన చూస్తాడు, మూసేస్తాడు, లేచి డ్రైవరు వైపు చూస్తాడు.

“ఉప్పూ కారం, నిమ్మరసం పట్టించి తెచ్చానండి మాస్టారూ. కాసేపు నానితే రుచేగానీ, ఇంకా ఆలస్యమైతే ముక్క పిండైపోద్ది. మా అక్క కోసమండి. పొలం గట్టు తగాదా అయ్యాక మా ఇద్దరికీ మాటల్లేవు.”

“పచ్చి చేపే పట్టుకెళ్లలేకపోయారా?”

“పచ్చిదైతే తిరిగి పట్టుకుపొమ్మంటదండి. కూరొండి తెస్తే, మా భోజనాలైపోయాయి అంటది. కారం పట్టించిన ముక్కని ఏం చేస్తదండీ? పొయ్యి వెలిగించాల్సిందే. ఉడికేదాకా నన్ను కూర్చోమనాల్సిందే!”

చివరికి లారీలు తప్పుకుని బస్సు కదిలింది. ఆయన దిగిన ఊళ్లో అక్కగారి ఇల్లు రోడ్డు పక్కనే. నేను కిటికీలోంచి సగం బయటికి వంగాను. “తల లోపల పెట్టండి, మీకేం పోయింది?” అని కండక్టరు కసిరాడు.

ఇప్పటికీ మా ఆవిడ చేపకు కారం పట్టించి పక్కన పెడితే నాకు కాలు నిలవదు. “పొయ్యి వెలిగించవే” అంటూ వంటింటి చుట్టూ తిరుగుతాను.

అక్క ఎదురొచ్చి, ఏడుస్తూ క్యారేజీ అందుకుందని చెబుతుంటాను. అదేం చూడలేదు. బస్సు కదిలేటప్పటికి తలుపు తెరుచుకోవడం మాత్రం చూశాను.