మందు కలపని క్రీము

క్రీములు చెడిపోకుండా వేసే ప్రిజర్వేటివ్‌లు మంచివా, చెడ్డవా అని మా ఇంట్లో వాదన మొదలైతే, ఈమధ్య నేను లేచి వంటింట్లోకి వెళ్లిపోతున్నాను.

ఒక రోజు వరంగల్‌లో ప్యాసింజర్ రైలు ఎక్కి నా ఎదురుగా కూర్చున్న పెద్దమ్మ చేతులు మిరపకాయలు ఏరి ఏరి పగిలిపోయి ఉన్నాయి. ఆమె సంచిలోంచి ట్యూబు తీసి మూత తిప్పుతుంటే నేను ఊరుకోలేకపోయాను.

“అది రాసుకోకు పెద్దమ్మా. చెడిపోకుండ అండ్ల మందులు కలుపుతరు. అవి ఒంట్లకు దిగుతయ్.”

“దవాఖానల ఇచ్చిండ్రు బిడ్డా.”

“వాళ్లకేం తెలుసు?” అన్నాను. నాకు తెలిసిందల్లా ఫోన్‌లో చూసిన నాలుగు వీడియోలు. బ్యాగులోంచి కలబంద క్రీము డబ్బా తీసిచ్చాను. “ఇది నేనే ఇంట్ల చేసిన. ఏ మందూ కలపలే.”

ఆమె నా ముఖం వంక చూసింది. తర్వాత ఆ ట్యూబును కిటికీలోంచి విసిరేసింది. నాకెంత గర్వమనిపించిందో!

డబ్బా మూత తీసి, లోపలికి ఒకసారి చూసి, వెంటనే మూసేసింది.

“ఎట్లుందక్కా?” పక్కనున్నామె అడిగింది.

“మంచి వాసనొస్తాంది. ఇంటికి వోయి రాసుకుంట.”

నెక్కొండలో దిగబోతూ డబ్బాను నా చేతిలో పెట్టి, చెవి దగ్గరికి వంగింది.

“బూజు వట్టింది బిడ్డా. నువ్వైతె రాసుకోకు.”

డబ్బా చుట్టూ నా వేళ్లను మూసిన ఆ అరచెయ్యి గరుకుగా, పగుళ్లలో నెత్తుటి చెమ్మతో ఉంది. ఇంటికి వెళ్లి ఆ చేతికి రాసుకోవడానికి ఆమె సంచిలో ఇక ఏమీ లేదు.