తండ్రి గుర్తు

పదో తరగతి స్నిగ్ధ రెండు మోచేతుల మీదా చింతగింజలంత పసుపుపచ్చ గడ్డలున్నాయి. చిట్యాల బడికి ఎండల్లో కూడా నిండు చేతుల చొక్కా వేసుకునే పోతుంది. ఇంట్లో మాత్రం సత్తెమ్మ అవ్వ వాటిని దాచనివ్వదు. సాయంత్రం మనవరాలి తలకు నూనె పెట్టి, వేళ్లకు మిగిలిన జిడ్డును ఆ గడ్డలకు రాస్తుంది. చూపు ఆనదు కాబట్టి తడిమి చూసుకుంటుంది. "అచ్చం నా కొడుకువే," అంటుంది. స్నిగ్ధ తండ్రికీ ఇవే గడ్డలుండేవి. ముప్పై ఆరేళ్లకే గుండె ఆగి పోయాడు.

ఆ గడ్డలు తండ్రి నుంచి వచ్చిన జబ్బుతో చేరిన కొవ్వేననీ, అదే గుండె రక్తనాళాల్లోనూ అప్పుడే పేరుకుంటోందనీ నల్లగొండ దవాఖానలో డాక్టర్ చెప్పాడు. రోజూ మాత్ర వేసుకుంటే గడ్డలు కూడా కరుగుతాయన్నాడు. తిరుగు బస్సులో తల్లి, "అవ్వకు చెప్పకు బిడ్డా. కొడుకును తిన్న గడ్డలనే గిన్ని దినాలు ముద్దు చేసిన్నని తెలిస్తే బతకదు," అంది.

ఏడాది తిరిగింది. నిన్న సాయంత్రం అవ్వ వేళ్లు మోచేతి మీద చాలాసేపు వెతికాయి.

"గివి చిన్నగైతున్నయేంది బిడ్డా? వాడు మల్ల పోతాండా?"

ఈ పొద్దు స్నిగ్ధ మాత్ర అరచేతిలో పెట్టుకొని, ఆ చేతి మోచేతినే తడుముకుంటూ కూర్చుంది.