విమల మేడమ్ చెరపనివ్వని సమాచారం

కరెంటు పోయి ల్యాబ్‌లో యూపీఎస్ కీచుమనడం మొదలుపెడితే నాకు ఇప్పటికీ విమల మేడమ్ గుర్తొస్తారు. దుండిగల్ దగ్గరి ఇంజనీరింగ్ కాలేజీలో ఆవిడ నా రీసెర్చ్ గైడు. ఆ చప్పుడుకి మేమంతా హడలిపోయి ఫైళ్లు సేవ్ చేసుకుంటుంటే, ఆవిడ మాత్రం తాపీగా కుర్చీ జరుపుకుని, ఇప్పుడే అసలు పని మొదలైందనేవారు. సొంతూరు దేవరయాంజాల్. ఎంత పెద్ద సదస్సులోనైనా ఇంగ్లీషు కాసేపే, తర్వాత అంతా ఊరి మాటే.

నేను చేరేనాటికి అందరి నోటా ఒకటే మాట, వేగం. కోట్లమంది ఒకేసారి అడిగినా రెప్పపాటులో జవాబిచ్చే వ్యవస్థ కట్టాలని నా ఆశ. నా ప్రతిపాదన చదివిన మేడమ్ మంచీ చెడూ చెప్పకుండా షేర్ ఆటో ఎక్కించి, శామీర్‌పేట అవతల ఒక చిన్న ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్లారు. కొత్త అంశం మొదలుపెట్టే ముందు, దాన్ని వాడేవాళ్ల పక్కన ఒక పూట ఊరికే కూర్చోవాలన్నది ఆవిడ నియమం. అక్కడ చంటిపిల్లల్ని ఎత్తుకుని తల్లులు ఎదురుచూస్తున్నారు. టీకాలు వేయాల్సిన నర్సు లక్ష్మి ట్యాబ్ పట్టుకుని సిగ్నల్ కోసం వాకిలంతా తిరుగుతోంది.

"సర్వర్ డౌన్ అంటాంది మేడమ్. పాత సూది ఎప్పుడేసినమో కనవడ్తలేదు" అంది.

తిరిగి వచ్చేటప్పుడు మేడమ్ ఒక్కటే అన్నారు. "సిస్టం ఉరికేటప్పుడు అందరు సూస్తరు. అది ఆగితే ఎవలు ఆగిపోతున్నరో నువ్వు సూడు." నా అంశం ఆ ఆటోలోనే మారిపోయింది.

ఇంటర్నెట్ లేనప్పుడు ట్యాబ్‌లోనే వివరాలు దాచి, సిగ్నల్ రాగానే పెద్ద వ్యవస్థలో కలిపే పద్ధతి తయారుచేశాం. ఒకే బిడ్డ గురించి రెండుచోట్ల నుంచి వివరాలొస్తే, ఆఖరున చేరినవే నిలవాలని మేడమ్ నిర్ణయించారు. మా రంగంలో చాలామంది చేసేదే అది. ల్యాబ్‌లో ముచ్చటగా పనిచేసింది. కేంద్రాలకు ఇచ్చిన కొన్నాళ్లకు లక్ష్మి ఫోన్ చేసింది. తాను టీకా వేసిన పాపకు వేయనట్టు చూపిస్తోందట. పాప అమ్మమ్మగారింటికి వెళ్లినప్పుడు అక్కడి నర్సు బరువు చూసి తన ట్యాబ్‌లో ఎక్కించింది. ఆమె ట్యాబ్‌లో టీకాకి ముందటి వివరాలే ఉన్నాయి. సిగ్నల్ ఆలస్యంగా దొరికి, అవి ఆఖరున చేరి, లక్ష్మి రాసినదాన్ని తుడిచేశాయి. లక్ష్మికి గుర్తుండబట్టి సరిపోయింది, లేకుంటే పాపకు మళ్లీ సూది పడేది.

ఆ వెంటనే కాలేజీ రీసెర్చ్ కమిటీ సమావేశం. ఏ పరిశోధన ముందుకు సాగాలో, నా ఫెలోషిప్ ఉంటుందో ఊడుతుందో తేల్చేది వాళ్లే. ఊడితే చదువు మానేసి ఉద్యోగం వెతుక్కోవాల్సిందే. మేడమ్ ముందుగా మా మంచి ఫలితాలు చూపిస్తారనుకున్నాను. తెర మీద మొదట ఆ పాప సంగతే పెట్టారు.

"నేను పెట్టిన రూలే గా బిడ్డ టీకాను చెరిపింది" అన్నారు. "ఇగ ఏదీ చెరపం. రెండు మాటలు ఉంచి, సూది వేసిన మనిషినే అడుగుతం."

కోట్ల రికార్డులుంటే ఎన్నిసార్లని మనుషుల్ని అడుగుతారని అధ్యక్షుడు నిలదీశారు.

"గదే తెల్వది సార్. తెలిస్తే మీ తానకు వస్తుంటిమా?"

గదిలో నవ్వులు. ఫెలోషిప్ నిలిచింది, ఆ తెలియని ప్రశ్న మీదే. దానికి సగం జవాబు నా పీహెచ్‌డీ. మిగతా సగం కోసం ఇంకా తంటాలు పడుతూనే ఉన్నాం, అదీ సంతోషమే.

ఇప్పుడు నేనూ అలాంటి కమిటీలో కూర్చుంటున్నాను. ఫలితాలన్నీ విన్నాక, మీకు తెలియనిదేమిటో చెప్పమంటాను. మొన్న ఒకమ్మాయి తన పద్ధతి ఒకచోట తప్పుతోందని, ఎందుకో తెలియదని చెప్పింది. ఆమె ఫెలోషిప్ ఉండాలని మొదట చెయ్యెత్తింది నేనే.